మూడో మూలం

"నీ తీర్పులు తర్వాత చెప్పుకుందువుగాని, ముందు నా చొక్కా సంగతి తేల్చు," అన్నాడు భర్త, బనీనుతో తలుపు దగ్గర నిలబడి.

ఇస్త్రీ బల్లకు ఒక చివర చొక్కా, ఇంకో చివర లాప్‌టాప్. ఆమె ఆఫీసంటే అదే. కాలర్ మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ ఒక పేరా చదువుతుంది, చొక్కా తిప్పి వేసి ఒక తప్పు దిద్దుతుంది. ఆమె దిద్దేది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునే విజ్ఞాన సర్వస్వాన్ని. అందులో ఎవరైనా రాయొచ్చు. రాసేవాళ్ళకు జీతం లేదు, రాసినదాన్ని దిద్దేవాళ్ళకు అసలే లేదు. "ఇంట్లో ఒక జీతం లేని ఉద్యోగం ఉందిగా, అది సరిపోలేదా?" అని మొదట్లో ఆయన నవ్వేవాడు. లెక్చరరు గారు కదా, ఇంట్లోనూ క్లాసులో వేసినట్టే జోకులు వేస్తాడు. ఎవరూ నవ్వకపోతే అదే జోకు మళ్ళీ వేస్తాడు. అందుకని పదకొండేళ్ళుగా ఆమె మొదటిసారికే నవ్వేస్తోంది. కానీ ఆయనకు తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు. ఇంట్లో తోమిన గిన్నె మధ్యాహ్నానికల్లా మళ్ళీ సింకులో ఉంటుంది. అక్కడ దిద్దిన అక్షరం మాత్రం తేదీతో, గంటా నిమిషంతో సహా నిలిచి ఉంటుంది. ఎవరు దిద్దారో పక్కనే రాసి ఉంటుంది.

అక్కడ ఆమె పేరు చీపురుపుల్ల. చేరిన రోజున ఏదో ఒక పేరు పెట్టుకోమంటే, చేతిలో ఉన్నదాని పేరే పెట్టేసుకుంది. ఆ పేరు ఇప్పుడు పెద్దదైంది. తగాదాలు తీర్చే నిర్వాహకుల్లో ఆమె ఒకతె. ముఖం ఎరగని మనుషులు "చీపురుపుల్ల గారూ, కాస్త ఇటు చూస్తారా" అని మర్యాదగా రాస్తారు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఇంటి గుమ్మం దగ్గర ఆమెను గారూ అన్నది గ్యాస్ బండ తెచ్చే మనిషి ఒక్కడే.

ఆ రోజు తేల్చాల్సిన తగాదా పేరు 'ఉప్పుచెయ్యి'.

వారం క్రితం ఎవరో ఆ పేరుతో కొత్త వ్యాసం పెట్టారు. సముద్రం వారనున్న ఉప్పు మడుల్లో పనిచేసే జాతి ఒకటుంది. మడులు మూతపడ్డాక వాళ్ళు పట్నాలకు వచ్చి, ఇళ్ళలో పనులకు కుదిరారు. భాష వేరు, కట్టు వేరు. ఆ ఆడవాళ్ళను పట్నంవాళ్ళు వెనకాల అనే మాట అది. ఓపిక లేనప్పుడు ముఖం మీదే అనే మాట కూడా. తరతరాలుగా ఉప్పు ఎత్తీ ఎత్తీ వాళ్ళ చేతుల్లోకి ఉప్పు ఇంకిపోయిందట, వాళ్ళు ముట్టుకుంటే పాలు విరుగుతాయట. ఆ మాట ఎలా పుట్టింది, ఎవరి నోట ఎలా నడిచింది అన్నది వ్యాసం. ఇలాంటి మాటకు విజ్ఞాన సర్వస్వంలో చోటు ఉండాలా, తొలగించాలా అన్నది చర్చ. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, కారణాలు చూస్తారు. వారం గడిచాక, ఆ విషయంతో ఏ సంబంధమూ లేని నిర్వాహకులు ఒకరు మొత్తం చదివి ఒక మాట చెబుతారు. ఈసారి ఆ వంతు చీపురుపుల్లది.

ఇంట్లో చుట్టాలు దిగడంతో రెండు రోజులు ఆమె ఆ పేజీ వైపు చూడలేదు. అయినా మనసులో తీర్పు ఎప్పుడో అయిపోయింది. తొలగించాలి. మాస్టారు అనే పేరుతో రాసే పెద్దాయన మాట ఆమెకు నచ్చింది. "బూతుమాట గోడ మీద రాసి, దాని కింద 'ఇది బూతు' అని రాస్తే గోడ శుభ్రమవుతుందా?" అన్నాడాయన. ఇంకొకావిడ "మా ఇంట్లో ఇలాంటి మాట నేనెన్నడూ వినలేదు, లేని మాటను పుట్టించకండి" అంది. దానికి వ్యాసం పెట్టిన మనిషి జవాబిచ్చింది. ఆమె పేరు ఉప్పుకల్లు. "మీరు విని ఉండరండీ. మా అమ్మ విన్నది, మీలాంటి ఇంట్లోనే. పేజీ తీసేస్తే పోయేది పేజీ, మాట కాదు. రేపు మా పిల్లలు ఆ మాటేంటని వెతుకుతారు. ఎక్కడా ఏమీ దొరకదు. అప్పుడు నిజమే కాబోలు అనుకుంటారు."

పాపం, బాధలో ఉంది పిల్ల అనుకుంది చీపురుపుల్ల. జాలిపడటం ఎంత సుఖంగా ఉంటుందో చూడండి. కూర్చున్న చోటు నుంచి లేవకుండానే మంచివాళ్ళమైపోతాం.

చొక్కా చేయి మడత మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ ఆమె కొత్తగా చేరిన మాటలు చదివింది. ఏ మాటకైనా అక్కడ చోటు దక్కాలంటే, దాని గురించి అచ్చులో ఎక్కడో ఒకచోట వివరంగా రాసి ఉండాలి. దాన్ని మూలం అంటారు. ఉప్పుకల్లు మొదట ఇచ్చిన రెండు మూలాలూ తేలిపోయాయి. ఒకటి నిఘంటువులో ఒక్క ముక్క, రెండోది ఏదో ఉపన్యాసంలో దొర్లిన మాట. నిన్న మూడోది ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందటి ఒక మహిళా వారపత్రిక. 'ఇంటి చిట్కాలు' శీర్షిక, అరపేజీ. రాసినవారు: ఒక లెక్చరరు గారి భార్య. గుర్తున్న రెండు వాక్యాలు కూడా కింద పెట్టింది.

"పాల దగ్గరికి ఉప్పుచెయ్యిని రానివ్వకండి. మొదట్లో నేనూ నమ్మలేదు, చదువుకున్నదాన్ని కదా!"

కాలిన వాసన వచ్చింది. "ఏంటది?" అని భర్త పరుగెత్తుకొచ్చేసరికి చొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది. ఆయన ఆ మచ్చనూ ఆమెనూ చూసి, "అందరి తప్పులూ దిద్దుతావుగా, ఇది దిద్దు," అని, బీరువాలోంచి నలిగిన చొక్కా ఒకటి తగిలించుకుని కాలేజీకి వెళ్ళిపోయాడు. ఈసారి ఆమె నవ్వలేదు. ఆయన గమనించలేదు.

ఆ వాక్యం ఆమెదే. ఆశ్చర్యార్థకం కూడా ఆమెదే.

నిజం చెప్పాలంటే, ముందు కలిగింది సిగ్గు కాదు. ఒక్క క్షణం, రెప్పపాటు, గర్వం కలిగింది. పదకొండేళ్ళుగా ఇతరుల రాతలకు మూలాలు వెతికి అతికించే మనిషి, తన రాత ఒకటి మూలంగా నిలబడటం మొదటిసారి చూసింది. ఆ గర్వాన్ని తనలో తానే పట్టుకుని, అప్పుడు సిగ్గుపడింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఖాళీ గదిలో లాప్‌టాప్ మూత దించేసింది.

పెళ్ళైన రెండేళ్ళకు జరిగిందది. అప్పటికి ఆ ఇంట్లో ఆమె ఏ పని చేసినా అత్తగారికి ఒకే మాట ఉండేది. "చదువుకున్నదానివి కదమ్మా, మాకేం తెలుసు." ఉప్పు తక్కువైనా అదే, బట్టలు ఆలస్యంగా ఆరినా అదే. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా. ఆ రోజు భర్త డిపార్ట్‌మెంట్ పెద్ద ఇంటికి వస్తున్నాడు. ఆయన ఊఁ అంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. ఇల్లంతా తుడిచి, కప్పులు తళతళలాడించి, పాలగిన్నెను నిమ్మచెక్కతో తోమింది. అద్దంలా మెరిసింది గిన్నె. ఆ మెరుపు చూసి మురిసిపోయి, ఒక్కసారి నీళ్ళతో తొలిపి పాలు పోసేసింది.

ముందు గదిలో నవ్వులు. పొయ్యి మీద పాలు ముక్కలు ముక్కలు.

అప్పుడు సింకు దగ్గర ఆ మనిషి ఉంది. ఉప్పు మడుల నుంచి వచ్చిన మనిషి, వీళ్ళింట్లో ఏడాదిగా పని చేస్తోంది. ఆమెకొక అలవాటు. వంటింట్లో ఏది ముట్టుకోవాలన్నా ముందు రెండు అరచేతులూ కొంగుకు తుడిచి, ఎత్తి చూపించేది. "చూడండమ్మా, పొడిగానే ఉన్నాయి." ఎవరూ అడక్కుండానే చూపించేది. చిన్నపిల్లలు భోజనానికి ముందు తల్లికి చూపించినట్టు ఉండేది, కానీ ఆమెకు నలభై ఏళ్ళు.

అత్తగారు వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి చూసింది. కోడలి ముఖంలోకి చూసింది. ఇంకా ఏమీ అడగలేదు. అడక్కముందే కోడలి నోరు కదిలింది.

"ఈవిడ ముట్టుకుంది అత్తయ్యా."

అంతే. నాలుగు మాటలు కూడా లేవు. అత్త మీది కోపం దుత్త మీద చూపడం విన్నాం గానీ, అత్త మీది భయాన్ని పక్కనున్న ఆడమనిషి మీదికి తోసేయడం ఎంత తేలికో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ మనిషి వాదించలేదు. పొయ్యి దగ్గరికి వచ్చి, గిన్నె వంచి వాసన చూసింది. తర్వాత తల ఎత్తి కోడలి వైపు చూసింది. ఒక్క మాట కోసం ఆగినట్టు కాసేపు అలాగే నిలబడింది. కోడలు కప్పులు సర్దింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సర్దినవే మళ్ళీ సర్దింది. ఆ సాయంత్రమే ఆ మనిషిని పనిలోంచి తీసేశారు.

తమాషా ఏమిటంటే, అత్తగారు ముందు గదిలోకి వెళ్ళి ఆ సంగతిని జోకులా చెప్పింది. "ఉప్పుచెయ్యి గురించి మేం చెబితే మా కోడలు వినేది కాదు, ఈ రోజు కళ్ళారా చూసింది." డిపార్ట్‌మెంట్ పెద్ద పడీపడీ నవ్వాడు. భర్త నవ్వాడు. నల్ల టీ తాగుతూ అందరూ నవ్వారు. ఆమెను కూడా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ముందు గది కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఆ నవ్వులో కలవడం కోసం, నిలవడం కోసం, వారం తర్వాత ఆ సంగతినే చిట్కాగా రాసి వారపత్రికకు పంపింది. పేరు పెడితే బాగుండదని అత్తగారూ భర్తా అన్నారు. అందుకని 'ఒక లెక్చరరు గారి భార్య' అయింది. ఆ వీధిలో ఆ పత్రిక వేయించుకోని ఇల్లు లేదు.

లాప్‌టాప్ మూత మళ్ళీ తెరిచింది. మూడో మూలం కింద మాస్టారు అడుగుతున్నాడు: "ఈ పేజీని ఎవరైనా కళ్ళతో చూశారా? చూపించలేకపోతే మూలం చెల్లదు." ఉప్పుకల్లు జవాబు: "మా అమ్మ దగ్గర ఉండేదండీ. పని అడగడానికి పోతే ఒకావిడ ఈ కాగితం చదివి వినిపించి, చేతిలో పెట్టి పంపించిందట. ఇల్లు మారినప్పుడు పోయింది. నా దగ్గర లేదు."

ఈ పిల్ల తల్లి ఆ మనిషేనా? కావచ్చు, కాకపోవచ్చు. కాకపోతేనే ఇంకా ఘోరం. ఆ అరపేజీ ఎన్ని గుమ్మాల్లో, ఎంతమంది చేతుల్లో పెట్టి ఉంటారో.

ఇప్పుడు ఆమె చేయాల్సింది ఏమీ లేదు. అసలు ఆకర్షణ అక్కడే ఉంది. 'మూలం నిరూపణ కాలేదు, తొలగించడమైనది' అని ఒక్క ముక్క రాస్తే నియమాల ప్రకారం తప్పు పట్టేవాడు లేడు. పైగా దయ గల తీర్పు అని మెచ్చుకుంటారు కూడా. ఆ మాటతో పాటు ఆమె వాక్యమూ పోతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు హాయిగా ఉంటుంది. మౌస్ మీద చేయి వేసింది. చేయి ఎందుకో వెనక్కి తిప్పి అరచేతిలోకి చూసుకుంది. పొడిగానే ఉంది.

లేచి అత్తగారి గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, అప్పట్లో పత్రికలో పడింది చూడండి, ఆ కాగితం..."

"నువ్వు రాసిందేగా!" ఎనభై ఏళ్ళ ముఖం విప్పారింది. "మందుల డబ్బా అడుగున చూడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టా."

ఉంది. నాలుగు మడతలు, అంచులు పసుపు. వచ్చినవాళ్ళందరికీ చూపించి 'మా కోడలు రాసింది' అని చెప్పుకున్న కాగితం. 'మా కోడలు' అని ఆ నోట వినడానికి ఆమె ఇచ్చుకున్న వెల అది. కోడలు మంచం అంచున కూర్చుంది.

"ఇందులో ఉన్నది అబద్ధం అత్తయ్యా. పాలు విరిగింది ఆవిడ వల్ల కాదు. నేను నిమ్మచెక్కతో తోమి, సరిగ్గా కడగలేదు."

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"గిన్నె అడుగున నిమ్మగింజ ఉంది. పారబోసేటప్పుడు చూశా."

ఇరవై రెండేళ్ళు. అత్తగారు మెల్లగా అంది, "చూసి ఏం చేయమంటావు? బయట మనుషులున్నారు. నీ తప్పని చెబితే మావాడు నిన్ను ఆ రోజే కాదు, జన్మంతా దెప్పేవాడు. మా ఆయన నన్ను దెప్పలా? ఆవిడకి ఇంకో ఇల్లు దొరుకుతుందనుకున్నా. నీకు దొరుకుతుందా?"

ఆ ఇంట్లో తన మీద ఎవరైనా దయ చూపించారా అని ఆమె ఎన్నోసార్లు వెతుక్కుంది. ఇదిగో, చూపించారు. ఆ దయ మొత్తం ఇంకో ఆడదాని కూటి మీద నిలబడి ఉంది. గిన్నె చుట్టూ ఉన్న ముగ్గురికీ నిజం తెలుసు. ముగ్గురిలో నోరు మెదపకూడని మనిషి ఒక్కతే వెళ్ళిపోయింది, మెదపగలిగిన ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది, కాస్త తేలికయ్యేది.

"ఆవిడకి దొరికి ఉండదు అత్తయ్యా," అంది. "నేను రాశాను కదా, అందుకని."

అత్తగారు కాగితం తిరిగి ఇమ్మని అడగలేదు.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు, రాత్రికి ఎవరో భోజనానికి వస్తున్నారని. ఆమె సంగతి చెప్పింది. ఆయన మొదట నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు.

"పిచ్చి పట్టిందా నీకు? లెక్చరరు గారి భార్యలు వందమంది ఉంటారు. నోరు మూసుకుంటే పోయేదానికి నా పరువు బజారుకీడుస్తావా?"

"అందులో మీ పేరు లేదండీ."

"నీ పేరూ లేదుగా!"

"అవునండీ. అదే దిద్దుతున్నా," అని ఫోన్ పెట్టేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఆయన కంటే ముందు ఆమె ఫోన్ పెట్టేయడం ఇదే మొదటిసారి. కుక్కర్ కూత కూసింది. లేచి పొయ్యి కట్టేసి వచ్చింది.

కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచి, ఫోటో తీసి, చర్చలో పెట్టింది. కింద రాసింది: "ఈ చర్చకు నేను తీర్పు చెప్పలేను. నాకు సంబంధం ఉంది. మూడో మూలం రాసింది నేనే. ఆ మాట ఉంది, నేనే వాడాను, అచ్చు వేయించాను. పేజీ ఉంచాలి. అయితే అందులో నేను రాసిన అనుభవం అబద్ధం. పాలు నా తప్పు వల్ల విరిగాయి."

మాస్టారు జవాబు పావుగంటలో వచ్చింది. "చీపురుపుల్ల గారూ, మీకు నమస్కారం. కాగితం చూశాను, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నియమం మీకు తెలియంది కాదు. అచ్చులో ఉన్నది మూలం. మీరు ఇక్కడ చెప్పింది మూలం కాదు. అది వ్యాసంలోకి ఎక్కదు."

ఆమెకు తెలియకపోవడమేమిటి! ఆ నియమాన్ని కొత్తవాళ్ళకు ఎన్ని వందలసార్లు విడమరిచి చెప్పిందో. అబద్ధం అచ్చయింది కాబట్టి సాక్ష్యం. నిజం అచ్చు కాలేదు కాబట్టి కబురు. ఉప్పుకల్లు ఒక్క వాక్యం రాసింది: "మా అమ్మకి ఇది చదివి వినిపిస్తాను." ఎక్కువా తక్కువా ఏమీ లేదు. క్షమించానని గానీ, లేదని గానీ లేదు. చీపురుపుల్ల ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

తర్వాత సొరుగులోంచి తెల్లకాగితం తీసింది. ఆ వారపత్రిక పలచబడినా ఇంకా వస్తూనే ఉంది, చిట్కాల శీర్షిక ఇంకా ఉంది. చొక్కా జేబు మీది గోధుమరంగు మచ్చ పక్కనే కాగితం పెట్టుకుని రాసింది.

"సంపాదకులకు. ఇరవై రెండేళ్ళ కిందట మీరు వేసిన నా చిట్కాలో ఒక తప్పుంది. పాలు ఏ చేతి వల్లా విరగవు. నిమ్మచెక్కతో తోమి సరిగ్గా కడగని గిన్నెలో పోస్తే విరుగుతాయి. ఆ గిన్నె తోమింది నేను. ఆ సంగతి తెలిసీ ఇంకొకరి మీద పెట్టాను. దీన్ని అదే శీర్షికలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి."

చివర సంతకం దగ్గర చేయి దానంతటదే 'ఒక లెక్చ' అని రాసేసింది. ఆమె దాన్ని కొట్టేసి, కింద తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, ఎవరు చదివినా పోల్చుకునేలా.